పాతోళ్ల తోడు

ఈ ప్రయాణంలో నేనెక్కిన గుట్ట పేరూ, దాని కింద ఉన్న ఊరి పేరూ రాయను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెబుతాను.

మా విశాఖపట్నంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చూసినవాళ్ళు అరుదు. ఆ రోజుల్లో ఆ పేర్లు పేపర్లో కనిపించేది ఎదురుకాల్పుల వార్తల్లోనే. అటు వెళ్తున్నానంటే బదిలీ చేశారనుకుని జాలిపడినవాళ్ళు కూడా ఉన్నారు. బదిలీ కాదు. నేను కాలేజీలో మానవశాస్త్రం చెబుతాను. నా అసలు పని పాతకాలపు మనుషుల ఎముకలు చూడటం. తవ్వకాల్లో అస్థిపంజరం బయటపడితే అది ఆడమనిషిదా మగమనిషిదా, ఏ వయసులో పోయారు, ఏ పని చేసి బతికారు అన్నది ఎముకల్ని బట్టి చెబుతాను.

కోరుట్లలో చరిత్ర పాఠాలు చెప్పే మల్లేశంగారు ఒక గుట్ట నెత్తిన గుహ ఉందని, అందులో కుండలూ మనిషి ఎముకలూ చూశానని మా శాఖకి కబురు పంపారు. పొలాల మధ్య పెద్ద బండలు నిలబెట్టి కట్టిన పాత సమాధులు తెలంగాణలో చాలా ఉన్నాయి. వాటిని అక్కడివాళ్ళు రాకాసి గుళ్ళంటారు. కానీ చచ్చిపోయినవాళ్ళని అంత ఎత్తుకి మోసుకెళ్ళి గుహలో పెట్టడం నేను అంతకుముందు వినలేదు. నాతో రావలసిన సహోద్యోగి భార్య వద్దందని ఆఖరి నిమిషంలో మానుకున్నాడు. నన్ను వద్దనేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. బయలుదేరాను.

జగిత్యాల

కరీంనగర్‌లో ఎక్కిన బస్సు నిండా కొండగట్టు భక్తులే. చంకన పిల్లలు, ఒళ్ళో కొబ్బరికాయల సంచులు, ఒకరి మీద ఒకరు పడుతూ నవ్వులు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేతిలో ఇన్ని పుట్నాలు పోసి నేను ఎవరి కోడలినో కనుక్కోవడం మొదలుపెట్టింది. కొండగట్టు దగ్గర వాళ్ళందరూ దిగిపోయారు. అప్పటిదాకా గోలగా ఉన్న బస్సులో ఒక్కసారిగా ఇంజను చప్పుడు మాత్రం మిగిలింది. కిటికీ బయట మామిడితోటలు, నల్లటి రాతిగుట్టలు, మధ్యమధ్య కాల్పుల్లో పోయినవాళ్ళకి కట్టిన ఎర్రస్తూపాలు పగలగొడితే మిగిలిన దిమ్మెలు.

దారిలో బస్సు ఆపి మగవాళ్ళందరినీ కిందికి దింపారు. నా సంచి తెరిచిన కానిస్టేబులుకు కుంచెలు, టేపు, వంకర కొక్కేల్లాంటి కొలత పరికరం దొరికాయి. ఆ కొక్కేలతో ఏం చేస్తారని అడిగాడు. పుర్రె కొలుస్తామన్నాను. వేడి గిన్నె ముట్టుకున్నట్టు దాన్ని సంచిలో వదిలేసి బస్సు దిగిపోయాడు.

జగిత్యాల లాడ్జిలో ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వడానికి మేనేజరు చాలాసేపు తటపటాయించాడు. మల్లేశంగారికి ఫోను చేసి, నేను ఎవరినో ఆయన నోట విన్నాకే తాళం చేతిలో పెట్టాడు. భోజనానికి పక్క సందులో ఒక ఇల్లు చూపించాడు. ఆ ఇంటావిడ ముందుగదిలో నాలుగు బల్లలు వేసి భోజనం పెడుతుంది. అన్నం, మామిడికాయ పప్పు, పచ్చిపులుసు. మా వైపు పచ్చిపులుసులో బెల్లం వేస్తాం. ఇక్కడ నువ్వులపొడి, కాల్చిన మిరపకాయ. మా ఊళ్ళో ప్లేటు ఇడ్లీకి ఇచ్చే డబ్బుకి కడుపునిండా పెట్టింది.

వేళ దాటిపోవడంతో నేను తప్ప ఎవరూ లేరు. ఆవిడ వడ్డించి లోపలికి వెళ్ళిపోకుండా నా ఎదురుగా కూర్చుంది. భర్త దుబాయిలో ఉన్నాడట. చదువు రాదు కాబట్టి ఉత్తరాలు లేవు. టేపురికార్డరు ముందు కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పి, ఆ క్యాసెట్టు అటు వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపుతుంది. ఆయనా అలాగే పంపుతాడు. ఆ రోజు రెండో వైపు కొంత మిగిలి ఉందని, చెప్పడానికి తన దగ్గర ఇంకేమీ లేదని, నన్ను నాలుగు మాటలు మాట్లాడమంది.

"నేను ఆయనకు ఎవరినమ్మా?" అన్నాను.

"ఎవలైతేంది. కొత్త గొంతు ఇంటె సంబురపడ్తడు."

ఎడమ చేత్తో ఆ పెట్టె దగ్గరికి జరుపుకుని, తెలియని మనిషికి మీ ఆవిడ పచ్చిపులుసు బాగా చేసిందని చెప్పాను. బయట ఎండగా ఉందని చెప్పాను. ఆవిడ బటన్ నొక్కి ఆపి, చాలు, మంచిగ జెప్పినవంది.

కోరుట్ల

మల్లేశంగారు నలభై ఏళ్ళ మనిషి. బక్కగా, మెత్తగా ఉంటారు. మాట్లాడే ముందు ఒకసారి వెనక్కి చూసే అలవాటు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లోకి మేం అడుగుపెట్టగానే లోపలి కబుర్లు ఆగిపోయాయి. మేం తాగి లేచేదాకా మళ్ళీ మొదలవలేదు. కొత్త మనిషి వస్తే ఇక్కడ అంతే మేడం, అన్నారాయన. పోలీసులు అడుగుతారు వాళ్ళెవరని, తర్వాత అన్నలు అడుగుతారు వాళ్ళెవరని. అన్నలంటే నక్సలైట్లు. ఎవరూ ఆ మాట గట్టిగా అనరు.

కథలాపూర్ వైపు పోయే బస్సులో ఒక చోట దిగి, మట్టిరోడ్డున నడిచి గుట్ట కింది ఊరు చేరాం. గుహ సంగతి మల్లేశంగారికి మొదట చెప్పింది ఆ ఊళ్ళో గొర్రెలు కాసే కొమురయ్య. నేను ఉండబోయేది వాళ్ళింట్లోనే. తెల్లటి మీసాలు, భుజాన గొంగడి, తక్కువ మాటలు. భార్య గంగవ్వ. పిల్లలు లేరు. ఆవిడ వాకిట్లోకొచ్చి నా చేతులు పట్టుకుని బిడ్డా అని పిలిచింది. నలభై దాటాక నన్ను అలా పిలిచినవాళ్ళు లేరు.

కొమురయ్య గుహ గురించి చెబుతూ, లోపల మస్తు బొక్కలున్నాయన్నాడు. మా వైపు బొక్కంటే కన్నం. రాయి పెళుసుదేమో, కన్నాలుంటే పైకప్పు కూలుతుందేమోనని నేను వరుసగా ప్రశ్నలు వేశాను. ఆయన తికమకపడి తన మోకాలు తట్టి చూపించాడు. ఇక్కడ బొక్కంటే ఎముక. మల్లేశంగారు ఆ ప్రయాణంలో మనసారా నవ్వడం అప్పుడే చూశాను. కానీ ఆ మాట ఊళ్ళోకి పాకింది. మర్నాడు పొద్దున్నే వాకిట్లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు బారులు తీరి కూర్చున్నారు. బొక్కల డాక్టరమ్మ వచ్చిందట. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ళు వంకరపోయిన ఒకావిడ చెయ్యి చాపింది. నేను చూసేది చచ్చిపోయినవాళ్ళ ఎముకలమ్మా అని చెప్పలేక చెప్పాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చూస్తే ఏం పోతుంది, చూడమంది. పట్టుకుని చూశాను. వేడినీళ్ళలో పెట్టుకోమన్నాను.

గుట్ట మీద

హిమాలయాల్లో తిరిగినవాళ్ళు దీన్ని ఎత్తనరు. కానీ చుట్టూ చాప పరిచినట్టున్న చదునునేల మీద ఆ గుట్ట నిట్టనిలువుగా లేస్తుంది. సగం దాకా సీతాఫలం పొదలు, ఆపైన నున్నటి బండ. చివరిభాగం చేతులతో పాకాలి. ఊపిరందక ఆగి వెనక్కి చూస్తే కింద చెరువులు పగిలిన అద్దం ముక్కల్లా కనిపించాయి. దూరంగా వెల్గటూర్ వైపు గోదావరి ఉందని మల్లేశంగారు చెయ్యి చూపించారు గానీ నాకు ఎండ మసక మాత్రమే కనబడింది.

గుహ నోరు చిన్నది. వంగి దూరాలి. లోపల మనిషి లేచి నిలబడేంత జాగా ఉంది. గబ్బిలాల వాసన, చల్లదనం. దీపం ఎత్తి పట్టుకుంటే గోడ వెంట వరుసగా కుండలు కనిపించాయి. బయట ఎరుపు, లోపల నలుపు. చాలావరకు కూలిపోయాయి. కొన్నిటికి మూతిమీద బోర్లించిన చిప్పలు అలాగే ఉన్నాయి. కుండల్లో నిండు శవాలు లేవు. ముందు వేరే ఎక్కడో ఉంచి, మాంసమంతా మట్టిలో కలిసిపోయాక, ఎముకలు ఏరి తెచ్చి పెట్టారు. పొడుగు ఎముకలు ఒక కట్టగా కింద, పుర్రె పైన. ఒక చిన్న కుండలో పసిబిడ్డ. ఎముకల మధ్య గవ్వపూసలు. సముద్రం నుంచి ఇంత దూరం ఎవరి చేతిలో వచ్చాయో.

ఒక పెద్దావిడ పుర్రె నన్ను చాలాసేపు పట్టి ఉంచింది. ముందుపళ్ళ అంచున సన్నటి గాడి. నారనో దారాన్నో పళ్ళతో పట్టి లాగుతూ బతుకంతా గడిపితే అలా అరుగుతుంది. రెండువేల ఏళ్ళ పైమాటేనని నా అంచనా. ఆవిడ ఎముకల్ని ఇంత ఎత్తుకి ఎవరో మోసుకొచ్చారు. ఊరి పక్కనే నేల ఉండగా ఎందుకు మోసుకొచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. నా ఎముకల్ని ఇలా మోసేవాళ్ళెవరని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని పక్కకి నెట్టి కొలతలు తీసుకున్నాను.

మర్నాడు మల్లేశంగారు రాలేదు. పొద్దున్నే ఆయన్ని స్టేషనుకు రమ్మన్నారని, నా గురించి అడగడానికేనని ఊళ్ళో చెప్పారు. నేనూ, కొమురయ్యా ఎక్కాం. నేను ఒక్కదాన్నే మగమనిషి వెంట వెళ్ళడం బాగోదని గంగవ్వ కూడా బయలుదేరింది. మూటలో జొన్నరొట్టెలు, ఉల్లికారం.

గుహ లోపల కుడివైపు ఒక మూల ఉంది. ముందురోజు అటు దీపం పోలేదు. అక్కడ రాళ్ళు పేర్చి ఉన్నాయి. అన్నిచోట్లా ఉన్న గబ్బిలాల పెంట ఆ రాళ్ళమీద పలుచగా ఉంది. నేను అటు వెళ్తుంటే గంగవ్వ వెనకనుంచి పాములుంటాయంది. ఆవిడ గొంతు మారడం గమనించాను గానీ భయమనుకున్నాను. పై రాళ్ళు నాలుగు తీశాను.

ఇది కుండలోది కాదు. తల దక్షిణానికి పెట్టి, చేతులు ఛాతీ మీద చేర్చి, నిండుగా పడుకోబెట్టిన మనిషి. ఎముక పసుపుపచ్చగా, జిడ్డుగా ఉంది. పాత ఎముక పెంకులా తేలిగ్గా ఉంటుంది, ఇది బరువు. పక్కటెముకల మధ్య చొక్కా గుండీ. తొడ ఎముక విరిగి, విరిగినచోట చిన్న సీసపు ముక్క దిగి ఉంది. తల దగ్గర బోర్లించిన సత్తు గిలాస. వయసులో ఉన్న మగవాడు. ముందుపళ్ళ మీద అదే గాడి, నిన్న ఆ పెద్దావిడ పళ్ళ మీద చూసినట్టే.

వెనక్కి తిరిగాను. కొమురయ్య గుహ నోటి దగ్గర గొంగడి పరుచుకుని కూర్చుండిపోయాడు. గుహ సంగతి మల్లేశంగారికి ఎప్పుడో, ఇక్కడ ఈ రాళ్ళు లేనప్పుడే మాటల్లో చెప్పానని, మొన్న ఆయన చూస్తానంటే ఈ మూల గురించి చెప్పలేదని, పాత కుండలు చూసి మురిసిపోయి వెళ్ళిపోతాడనుకున్నానని అన్నాడు. ఎముకలు చూసేవాళ్ళు పట్నం నుంచి వస్తారని కొమురయ్య అనుకోలేదు.

తర్వాత ఇద్దరూ కలిసి చెప్పారు. ఒకరు ఆగిన చోట ఇంకొకరు అందుకున్నారు. రెండు వానాకాలాల కింద, దూరాన అడవిలో కాల్పులు జరిగాయి. కొన్నాళ్ళకి కొమురయ్య గొర్రెల్ని తోలుకుని పైకొస్తే గుహలో మనిషి మూలుగు వినిపించింది. తొడకి దెబ్బ. తనవాళ్ళనుంచి విడిపోయి పాక్కుంటూ వచ్చాడు. పేరు భూమేశం, సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. గంగవ్వ గంజి, గొర్రెపాలు పంపేది. కానీ కాలు చెడిపోయింది. కిందికి దింపి దవాఖానకి తీసుకెళ్దామంటే, తన వల్ల ఊరు ఊరంతా చెడుతుందని అతనే వద్దన్నాడు. ఆఖర్న జ్వరంలో భార్య పేరు, బిడ్డ పేరు పలవరించేవాడు. సిరిసిల్లలో దారం కండెలు చుట్టే తన భార్య సుగుణకు చెప్పమన్నాడు. అది చెప్పడం వీళ్ళ వల్ల కాలేదు.

"నేను పోయి అడిగితె నువ్వెవలని అడుగుతరు," అన్నాడు కొమురయ్య. "ఒకలకు తెలిస్తె దాసిపెట్టినవని తోలుకపోతరు. ఇంకొకలకు తెలిస్తె పట్టిచ్చినవంటరు. ఏం జెయ్యాలె?"

ఇక్కడే ఎందుకు పెట్టారని అడిగాను. గంగవ్వ సమాధానం చెప్పింది.

"బయట పెడితె నక్కలు గుంజుతయి. ఈడనైతే పాతోళ్లున్నరు గద బిడ్డా. ఒక్కడు గాడు."

ఎన్నో సమాధులు చూశాను, వాటి మీద ఎన్నో వ్యాసాలు చదివాను. మనిషిని తోటి మనుషుల పక్కన ఎందుకు పెడతారో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నా చేతిలో ఉన్న కుంచె కింద పెట్టేశాను. వీన్ని గూడ రాస్తావా అని ఆవిడ అడిగింది. రాయనన్నాను. సుగుణకు నేను చెబుతానన్నాను. ముగ్గురం కలిసి రాళ్ళు మళ్ళీ పేర్చాం. రొట్టెలు తెచ్చుకున్నాం గానీ ఎవరం తినలేకపోయాం. కొమురయ్య వాటిని తర్వాత ఇంటికెళ్ళాక గొర్రెలకి పెట్టాడు.

కింద జీపు

బండ దిగి సీతాఫలం పొదల్లోకి వచ్చేసరికి కింద జీపు కనిపించింది. కొమురయ్య ఆగిపోయాడు. నేను ముందు నడిచాను.

ఎస్సై కుర్రవాడు. నేను రెండు మాటలు మాట్లాడగానే అతని ముఖం విప్పారింది. "మీది వైజాగా అండీ? మాది భీమిలి," అన్నాడు. వచ్చి ఏడాది అయిందట. సముద్రం చూడక పిచ్చెక్కినట్టుందట. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, బీచిరోడ్డులో ఆ ముంతకిందపప్పు బండ్లు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. అన్ని రోజుల తర్వాత నా భాష, నా యాస. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయిలో ఉండగానే మామూలుగా అడిగాడు.

"పైన అన్నీ పాతవేనాండీ? కొత్తవేవీ తగల్లేదా?"

కొమురయ్య నాకు నాలుగడుగుల వెనక ఉన్నాడు. గంగవ్వ మూట సర్దుకుంటున్నట్టు వంగింది.

"అన్నీ పాతవే. రెండువేల ఏళ్ళ నాటివి," అన్నాను.

అతను నా ముఖంలోకి కాసేపు చూశాడు. నమ్మాడో, తన వైపు ఆడమనిషిని ఇబ్బంది పెట్టదలచుకోలేదో తెలియదు. తల ఊపి, కథలాపూర్ దాకా దింపుతానన్నాడు. ఊరంతా చూస్తుండగా ఆ జీపు ఎక్కితే ఈ ముసలివాళ్ళకి రేపటినుంచి ఎలా ఉంటుందో ఊహించాను. నడవాలనుందని చెప్పాను. చిన్నబుచ్చుకున్నాడు. జీపు దుమ్ము సర్దుకునేదాకా అక్కడే నిలబడ్డాను. అక్కడ నా యాసలో మాట్లాడే ఒకే ఒక్క మనిషికి అబద్ధం చెప్పి పంపాను.

ఆ మధ్యాహ్నమే వాళ్ళ దగ్గర సెలవు తీసుకున్నాను. గంగవ్వ నా నుదురు నిమిరి మెటికలు విరిచింది. మట్టిరోడ్డు మీద చెప్పు తెగింది. రెండూ చేత పట్టుకుని కాలే మట్టిలో కుంటుకుంటూ బస్సు ఆగే చోటుకి వెళ్తే మల్లేశంగారు ఎదురొచ్చారు. స్టేషన్లో ఊరికే కూర్చోబెట్టి పంపారట. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా గుహ గురించే అడిగారు. బోర్డు పెట్టించాలని, పిల్లల్ని తీసుకొచ్చి చూపించాలని ఆయన ఆశ. నేను ఆయనకి పెద్దావిడ పళ్ళ గురించి చెప్పాను, పసిబిడ్డ పూసల గురించి చెప్పాను, మూల గురించి చెప్పలేదు. తర్వాత నా నివేదికలో కుండల గురించి వివరంగా రాసి, పరిస్థితులు చక్కబడేదాకా అక్కడ తవ్వకం వద్దన్నాను. ఆయన నిరుత్సాహపడ్డారు. కొమురయ్య, గంగవ్వ ఇప్పుడు లేరు. సుగుణ రాయమంది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

సిరిసిల్ల

వేములవాడ మీదుగా వెళ్ళే బస్సు సిరిసిల్లలో ఆగకముందే ఊరు వినిపిస్తుంది. ప్రతి సందులోంచి సాంచెల చప్పుడు. గోడలు, కిటికీలు, తాగే నీళ్ళు కూడా దానితో వణుకుతుంటాయి. వినేవాళ్ళు అరుస్తారు, చెప్పేవాళ్ళు చేతులు ఊపుతారు. మా వైపు నేతపేటల్లో గుంటమగ్గం టకటకా కొట్టి ఆగుతుంది, మధ్యలో మనిషి మాట వినిపిస్తుంది. ఇక్కడ ఆగడమనేది లేదు.

భూమేశం పేరెత్తకుండా, కండెలు చుట్టే సుగుణ ఎక్కడని, తువ్వాళ్ళు కొనాలని అడుగుతూ వెళ్ళాను. కండెలంటే మగ్గంలో పెట్టే దారపు చుట్టలు. ఒక రేకుల షెడ్డు మూల, రాట్నం ముందు ముప్పై ఏళ్ళ మనిషి కూర్చుని ఉంది. నుదుట ఎర్రటి బొట్టు, చేతినిండా గాజులు. దారం తెగితే ముందుపళ్ళతో కొరికి ముడేస్తోంది. నేను ఆ పళ్ళవైపు చూడకుండా ఉండలేకపోయాను.

పక్కన పీట మీద కూర్చున్నాను. ఆ చప్పుడులో ఏ మాటైనా చెవిలోనే చెప్పాలి. అలా చెప్పాను. గుట్ట, గొర్రెలకాపరి, కాలి దెబ్బ, పలవరించిన పేర్లు. చెబుతున్నంతసేపూ ఆమె రాట్నం ఆపలేదు. కండె నిండితే తీసి ఇంకోటి పెట్టింది. నేను చెప్పడం అయిపోయాక కూడా చాలాసేపు తిప్పింది. ఆ తర్వాత లేచి, యజమానితో ఏదో చెప్పి, నన్ను రమ్మని సైగ చేసింది.

ఇల్లు ఒకే గది. కూతురు బడికి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి, కూర్చోమని చాప పరిచి, అప్పుడు అడిగింది. తల ఎటు పెట్టారు? దక్షిణం. నీళ్ళు తాగాడా? గంగవ్వ గంజి, పాలు పోసింది. ఒక్కడే ఉన్నాడా? ఆ ముసలివాళ్ళు రోజూ వెళ్ళేవాళ్ళు. గిలాస సంగతి చెప్పాను. పాతవాళ్ళు ఉన్నారని గంగవ్వ అన్నమాట ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, పక్కింటికి వినబడకుండా ఏడ్చింది.

చాలాసేపటికి ముఖం తుడుచుకుని నావైపు చూసింది. "మీ సారు?"

పోయి మూడేళ్ళయిందన్నాను. ఆస్పత్రిలో. ఆఖరి నిమిషం దాకా చెయ్యి పట్టుకునే ఉన్నానని చెప్పాను.

"గట్లనన్న ఉన్నరు మీరు," అంది.

తర్వాత అడిగింది, పిట్టకు పెట్టారా అని. మనిషి పోయిన మూడో రోజు ఆ మనిషికి ఇష్టమైనవి వండి ఆరుబయట ఆకులో పెడతారు. పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్ళు కదలరు. మా వైపు కాకికి పిండం పెట్టినట్టే గానీ, ఇక్కడ దాన్ని చుట్టాలందరి ముందు, పెద్ద పనిలా చేస్తారు. కొమురయ్యని నేను ఆ సంగతి అడగలేదు. తెలియదని నిజం చెప్పాను. సుగుణ బియ్యం డబ్బా మూత తీసి చూసింది. రేపటిదాకా ఉండగలరా అని అడిగింది. ఉంటానన్నాను.

మానేరు ఇసుకలో

మర్నాడు కూతురు బడికి వెళ్ళాక ఇద్దరం మానేరు వాగుకు వెళ్ళాం. చూసేవాళ్ళకి బట్టలు ఉతకడానికి వెళ్తున్నట్టు ఉండాలని సుగుణ బిందెలో నాలుగు చీరలు పెట్టుకుంది. చీరల కింద గిన్నె. ఎండాకాలం కాబట్టి వాగు సన్నటి పాయగా ఒక పక్కనే ఉంది. మిగిలినదంతా ఇసుక. దూరాన ఎద్దులబండిలో ఎవరో ఇసుక ఎత్తుతున్నారు. సాంచెల చప్పుడు అక్కడికి సన్నగా వస్తోంది.

మోదుగాకులో అన్నం, కోడికూర, బియ్యప్పిండి రొట్టెలాంటి సర్వపిండి ముక్కలు రెండు పెట్టింది. పక్కన ఒక బీడీ వెలిగించి పెట్టింది. వెనక్కి జరిగి కూర్చున్నాం. ఒక కాకి గట్టు మీద వాలి, మమ్మల్ని చూసి ఎగిరిపోయింది. బీడీ ఆరిపోయింది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పిట్ట రాకపోతే పోయిన మనిషికి తీరని కోరిక ఉందంటారు. ఏమిటో ఊహించి, తీరుస్తామని మాట ఇస్తారు. సుగుణ ఆకువైపు చూస్తూ చిన్న గొంతుతో మాట్లాడింది. పోరిని చదివిస్తానంది. అతని తోడబుట్టిన అన్నతో తగవు పెట్టుకోనంది. ఏ పిట్టా రాలేదు. ఆమె అంతకంటే చిన్నగా అంది.

"చెప్పకుంట పోయినవని కోపముండె. గిప్పుడు లేదు. తిను."

చాలాసేపటికి ఒక గోరింక వచ్చింది. ఇసుకలో గెంతుతూ ఆకు చుట్టూ తిరిగి, ఒక మెతుకు నోట కరుచుకుని పోయింది. కాకి కాదే అని నేను మనసులో అనుకుంటున్నాను. సుగుణ అప్పటికే లేచి దణ్ణం పెట్టింది.

నీళ్ళ దగ్గరికి వెళ్ళి దోసిళ్ళతో ముఖం మీద కొట్టుకుంది. ఒకసారి కాదు, పదేపదే. బొట్టు కరిగి ముక్కు మీదుగా కారి నీళ్ళలో కలిసింది. ఖాళీ నుదుటితో ఒడ్డున కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆమె గాజుల వైపు చేయి పోనిచ్చి, ఆపింది. ఇసుకబండి వెళ్ళిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు బట్టల మూటలతో దూరాన దిగుతూ కనిపించారు.

సుగుణ వాళ్ళని చూసింది. కొంగుతో ముఖం ఒత్తుకుని, జాకెట్టులోంచి చిన్న కుంకుమ భరిణె తీసింది. నాకు అర్థం కాక చూశాను.

"తీసేస్తె ఎవలు జెప్పిన్రని అడుగుతరు," అంది. "స్టేషనోళ్లు నెలకొకసారి ఇంటికస్తరు. వాళ్లకు తెలిస్తె గా ముసలోళ్ల దాక పోతరు. ఇన్నొద్దులు వస్తడని పెట్టుకున్న. ఇగ వాళ్ల కోసం పెట్టుకుంట."

అద్దంలా చూసుకుందామని వంగితే నీళ్ళు కదులుతున్నాయి, ముఖం సరిగా కనిపించడం లేదు. వేలితో అద్దుకుని, నావైపు తిరిగి, సక్కగున్నదా అని అడిగింది. కొంచెం పక్కకి పోయింది. అది చెప్పాను. ఆమె నుదురు ముందుకు వంచి, సరిచేయమన్నట్టు కళ్ళు మూసుకుంది. భర్త పోయిన ఆడదాని చెయ్యి ముత్తయిదువ బొట్టుకి తగలకూడదని మా ఇళ్ళల్లో మూడేళ్ళుగా ఎవరూ నాకు కుంకుమ భరిణె అందించలేదు. నా వేలితో దాన్ని గుండ్రంగా, నుదుటి మధ్యకి దిద్దాను.

ఆమె కళ్ళు తెరిచి, బిందె చంకన పెట్టుకుని, బట్టల మూటలతో వస్తున్న ఆడవాళ్ళని పేరుపేరునా పలకరిస్తూ షెడ్డు వైపు నడిచింది.